కలకత్తా విజ్ఞాన సభ

కలకత్తా బౌబజార్ వీధిలో 1876 జూలై 29న తలుపులు తెరిచిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్, భారతీయులే తలపెట్టి, చందాలు పోగుచేసి, తమ చేతులమీదుగా నడుపుకున్న తొలి విజ్ఞాన పరిశోధన సంస్థ. బెంగాలీలు దీన్ని విజ్ఞాన సభ అన్నారు. స్థాపకుడు డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్. చంద్రశేఖర వెంకట రామన్‌కు 1930లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన పరిశోధన జరిగింది ఈ సభ ప్రయోగశాలలోనే. ఇప్పుడీ సంస్థ కలకత్తా దక్షిణ భాగంలోని జాదవ్‌పూర్‌లో ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కింద స్వయంప్రతిపత్తితో పనిచేస్తూ, 2018లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది.

సైన్సుకోసం పెట్టిన ఏ సంస్థకైనా మూడు బాధ్యతలుంటాయి. విద్యార్థులకు నేర్పాలి, కొత్త సంగతులు కనిపెట్టాలి, చదువుకోని వాళ్ళకూ వేరే చదువులు చదువుకున్న వాళ్ళకూ సైన్సు అంటే ఏమిటో తెలియజెప్పాలి. సర్కార్ ఈ మూడింటినీ ఒకే కప్పు కిందికి తేవాలనుకున్నారు. అవి మూడూ వచ్చాయి గానీ కలిసి రాలేదు. మొదటి ముప్ఫై ఏళ్ళూ సభలో వినిపించింది ఉపన్యాసాలే. పరిశోధన స్థాపకుడు కన్నుమూశాక మొదలైంది. అది వేళ్ళూనుకునేసరికి మామూలు జనంతో సభకున్న సంబంధం పలచబడింది. ఒక విజ్ఞాన సంస్థ నిలదొక్కుకోవడానికి ఎంత కాలం పడుతుందో, అది ఎవరెవరి అండతో నిలుస్తుందో తెలుసుకోవాలంటే ఈ సభ చరిత్రను మించిన ఉదాహరణ మనదేశంలో లేదు.

వైద్యుడి పట్టుదల

సర్కార్ 1833 నవంబరు 2న హౌరా దగ్గరి పాయిక్‌పాడా గ్రామంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామలు కలకత్తాలో పెంచి పెద్దచేశారు. హేర్ స్కూలు, హిందూ కాలేజీ, మెడికల్ కాలేజీ చదువులు ముగించి 1863లో ఎం.డి. పట్టా పుచ్చుకున్నారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆ పట్టా అందుకున్న వారిలో ఆయన రెండోవారు. చేతినిండా రోగులతో మంచి పేరు సంపాదించుకున్నాక, 1867లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ బెంగాల్ శాఖ సమావేశంలో లేచి హోమియోపతిని సమర్థిస్తూ మాట్లాడారు. తోటి డాక్టర్లు ఆయన్ని వెలివేసినంత పనిచేశారు. హోమియోపతి మీద ఆయన పెట్టుకున్న నమ్మకాన్ని తర్వాతి వైద్యశాస్త్రం బలపరచలేదు. కానీ ఆ గొడవ వల్ల ఒక మేలు జరిగింది. చెప్పుకోవడానికి వేదిక లేకుండా పోయిన ఆయన, 1868లో కలకత్తా జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే సొంత పత్రిక పెట్టుకున్నారు. భారతీయులు తమంతట తాము సైన్సును సాధన చేయడానికి ఒక జాతీయ సంస్థ కావాలన్న వ్యాసం 1869లో ఆ పత్రికలోనే అచ్చయింది.

మరుసటి ఏడు 1870 జనవరి 3న హిందూ పేట్రియట్ పత్రికలో సభ ప్రణాళిక వెలువడింది. సర్కార్ కళ్ళ ముందున్న నమూనా లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్. 1799లో పుట్టిన ఆ సంస్థలో ఒక పక్క ఉపన్యాసశాల, ఇంకో పక్క ప్రయోగశాల ఉండేవి. పుస్తకాలకు బైండింగు చేసే దుకాణంలో పనినేర్చుకుంటున్న మైకేల్ ఫారడే అక్కడే 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు, మరుసటి ఏడు అక్కడే సహాయకుడుగా చేరాడు, విద్యుత్తు రహస్యాలు అక్కడే విప్పాడు. వినడానికి వచ్చినవాడు పరిశోధకుడు కాగలిగిన చోటు అది. కలకత్తాలోనూ అలాంటి చోటు ఒకటి ఉండాలన్నది సర్కార్ కోరిక.

చందాలు పోగవడానికి ఆరేళ్ళు పట్టింది. ఉత్తర్‌పాడా జమీందారు జయకృష్ణ ముఖర్జీ తొలి దాతల్లో ఒకరు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్, కేశవచంద్ర సేన్ వెన్నుదన్నుగా నిలిచారు. బంకించంద్ర చటర్జీ 1872లో తన బంగదర్శన్ పత్రికలో వ్యాసం రాసి, డబ్బున్న బెంగాలీలను నిలదీశారు. ఇంతమంది పెద్దలు చెప్పినా డబ్బు నిదానంగానే కదిలింది. గుడి కట్టిస్తామన్నా, సత్రం వేయిస్తామన్నా చేయి జారే సంపన్నులకు, కొలతల పరికరాలకు విరాళమివ్వడం కొత్త.

పరిశ్రమల బడి కావాలన్నవారు

సభ పుట్టకముందే దాన్ని పక్కదారి పట్టించబోయిన వాదం ఒకటి వచ్చింది. అది నేటికీ వినిపించే వాదమే కనుక కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1875లో శిశిర్ కుమార్ ఘోష్ వంటి వారు పెట్టిన ఇండియన్ లీగ్, సభకు పోగైన డబ్బుతో సాంకేతిక విద్యాలయం పెట్టడం మేలంది. దేశం బీదది, కుర్రవాళ్ళకు చేతిపని కావాలి, యంత్రాలు నడపడం రావాలి, ఆకాశంలో నక్షత్రాల లెక్క ఎవరికి కావాలన్నది వాళ్ళ మాట. దాన్ని తీసిపారేయలేం. కూడు పెట్టే విద్య అడగడంలో తప్పు లేదు.

సర్కార్ ఒప్పుకోలేదు. ఆయనకు తోడుగా నిలిచినవారు సెయింట్ జేవియర్స్ కాలేజీలో సైన్సు చెప్పే బెల్జియం దేశపు జెస్యూట్ గురువు, ఫాదర్ యూజీన్ లఫాంట్. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ రిచర్డ్ టెంపుల్ ముందు వాదం నడిచినప్పుడు లఫాంట్ విషయాన్ని ముక్కుసూటిగా తేల్చేశారు. లీగ్ వారి దారిలో పోతే భారతీయులు ఎప్పటికీ యూరోపియన్ల అజమాయిషీలో పనిచేసే మెకానిక్కులుగా మిగిలిపోతారు, సర్కార్ కోరేది ఆ అజమాయిషీనుంచి విడుదల అన్నది ఆయన మాటల సారాంశం. పరాయిదేశం నుంచి వచ్చిన మతగురువు నోట ఆ మాట రావడం విశేషం. టెంపుల్ సభ పక్షానే మొగ్గారు. 210, బౌబజార్ వీధిలోని భవనం సభకు దక్కింది. స్వచ్ఛమైన సైన్సుకు చోటివ్వాలన్న ఆ నిర్ణయం లేకుంటే, అర్ధశతాబ్దం తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు.

ఉపన్యాసాల కాలం

1876 నుంచి దాదాపు ముప్ఫై ఏళ్ళపాటు సభ పనంటే ముఖ్యంగా ఉపన్యాసాలే. లఫాంట్ భౌతికశాస్త్రం చెప్పేవారు. ప్రయోగం చూపించకుండా మాట్లాడడం ఆయనకు తెలియదు. ఐరోపాలో ఏ కొత్త పరికరం వచ్చినా తెప్పించి జనం ముందు పెట్టేవారు. మాట్లాడే యంత్రమని జనం వింతగా చెప్పుకున్న ఫోనోగ్రాఫును కలకత్తాకు చూపించిన తొలివారిలో ఆయన ఒకరు. సర్కార్ స్వయంగా భౌతికశాస్త్ర పాఠాలు చెప్పేవారు. కనాయిలాల్ దే, తారాప్రసన్న రాయ్ రసాయనశాస్త్రం, ప్రమథనాథ్ బోస్ భూగర్భశాస్త్రం చెప్పారు. ఇంగ్లండు నుంచి తిరిగివచ్చిన కొత్తలో జగదీశ్ చంద్ర బోస్, కుర్రవాడుగా ఉన్న రోజుల్లో ఆశుతోష్ ముఖర్జీ ఈ వేదిక మీద పాఠాలు చెప్పినవారే. ఇదే ఆశుతోష్ ముఖర్జీ తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయి, రామన్‌ను ప్రభుత్వ లెక్కల ఉద్యోగం నుంచి తప్పించి ఆచార్యుణ్ణి చేశారు.

వినేవారిలో ఎక్కువమంది నగరంలోని కాలేజీ విద్యార్థులు. అప్పట్లో చాలా కాలేజీలకు సైన్సు ప్రయోగశాల అనేది లేదు. పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసిన వాయురేచక యంత్రం, విద్యుత్ ఘటం ఇక్కడ వాళ్ళ కళ్ళ ముందు పనిచేసేవి. ఆడవాళ్ళు కాలేజీ గడప తొక్కడమే అరుదైన ఆ రోజుల్లో రవీంద్రనాథ్ ఠాగూర్ మేనకోడలు సరళాదేవి ఇక్కడికి వచ్చి భౌతికశాస్త్ర పాఠాలు విన్నారు. కాలీకృష్ణ ఠాగూర్ ఇచ్చిన విరాళంతో విదేశాలనుంచి పరికరాలు వచ్చాయి. కొత్త ఉపన్యాసశాలకు 1882లో వైస్రాయ్ రిపన్ శంకుస్థాపన చేసి, 1884లో ఆయనే ప్రారంభించారు.

ఈ ఉపన్యాసాల విలువను తక్కువచేసి రాసిన వాళ్ళున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క కొత్త సంగతీ కనిపెట్టలేదు కదా అన్నది వాళ్ళ ఆక్షేపణ. కానీ ఆ ఉపన్యాసాల వల్లే సభకు భవనం నిలిచింది, బీరువాల్లో పరికరాలు చేరాయి, ఊళ్ళో ఒక పేరు మిగిలింది. తప్పు పట్టాలంటే భాషను పట్టుకోవాలి. పాఠాలు ప్రధానంగా ఇంగ్లీషులో సాగాయి. అందువల్ల సభ ప్రజలన్నప్పుడు, కలకత్తా ఇంగ్లీషు చదువుల మధ్యతరగతి మాత్రమే లెక్కలోకి వచ్చింది. బౌబజార్ వీధిలో కొట్టు పెట్టుకున్నవాడు ఆ మెట్లెక్కితే అతనికి అర్థమయ్యేది తక్కువ.

విజయనగరం ప్రయోగశాల

సభకు ప్రయోగశాల కట్టించిన డబ్బు తెలుగునాట నుంచి వెళ్ళింది. విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతిరాజు దానికి పెద్ద విరాళమిచ్చారు. కట్టిన ప్రయోగశాలకు విజయనగరం ప్రయోగశాల అనే పేరు పెట్టారు. సంగీతానికీ సాహిత్యానికీ ఆయన చేసిన పోషణ గురించి తెలుగువాళ్ళం చాలా చెప్పుకుంటాం. ఈ దానాన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. ఫలితాన్నిబట్టి చూస్తే ఆయన దానాల్లో దేనికీ ఇది తీసిపోదు.

గదులు వచ్చాయి, బల్లలు వచ్చాయి, పరికరాలు వచ్చాయి. వాటి ముందు పూర్తికాలం కూర్చుని పనిచేసే మనిషి మాత్రం రాలేదు. జీతమిచ్చి ఆచార్యులను నియమించుకునేందుకు శాశ్వత నిధి కావాలని సర్కార్ ఏటేటా వార్షిక సమావేశాల్లో అడుగుతూనే వచ్చారు. అది సమకూరలేదు. చివరి సంవత్సరాల్లో ఆయన ప్రసంగాల్లో నిరాశ స్పష్టంగా కనబడుతుంది. బతుకంతా దీనికి ధారపోశాను, దేశస్థుల ఉదాసీనతకు కారణమేమిటో అంతుబట్టడం లేదని బాధపడ్డారు. 1904 ఫిబ్రవరి 23న కన్నుమూశారు. ఆయన కుమారుడు అమృతలాల్ సర్కార్ కార్యదర్శి బాధ్యత తీసుకుని, అంతంత మాత్రంగా నడుస్తున్న సభను మూతపడకుండా కాపాడారు.

ట్రాములోంచి కనబడిన బోర్డు

1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరడానికి పద్దెనిమిదేళ్ళ రామన్ వచ్చారు. తిరుచిరాపల్లిలో పుట్టినా ఆయన పెరిగింది విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో గణిత, భౌతికశాస్త్రాల అధ్యాపకుడుగా చేరారు. సెయింట్ అలోషియస్ స్కూల్లో పదకొండో ఏట మెట్రిక్యులేషన్, ఏ.వి.ఎన్. కాలేజీలో పదమూడో ఏట ఎఫ్.ఏ. ముగించి రామన్ మద్రాసు వెళ్ళారు. ఆ కాలేజీ పేరులోని అంకితం వెంకట నరసింగరావు, విశాఖపట్నంలో సొంత వేధశాల నడిపిన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని లఫాంట్ బెంగాల్ నుంచి చూస్తే, నరసింగరావు విశాఖ నుంచి చూశారు.

ఆ రోజుల్లో సైన్సు ఎం.ఏ. పూర్తిచేసినవాడికి పరిశోధన చేసుకునే ఉద్యోగం లేదు. అందుకే రామన్ ఆర్థిక శాఖ పరీక్ష రాసి లెక్కల ఉద్యోగంలో చేరారు. ఒకరోజు ట్రాములో పోతూ బౌబజార్ వీధిలో సభ బోర్డు చూసి దిగిపోయారు. తలుపు తీసిన మనిషి ఆశుతోష్ దే. అందరూ ఆశుబాబు అనేవారు. లోపల అమృతలాల్ ఉన్నారు. ఇక్కడ పనిచేసుకోవచ్చా అని అడిగిన కుర్రాడికి ఆయన ప్రయోగశాల మొత్తం అప్పగించారు. పట్టా చూపమనలేదు, సిఫార్సు ఉత్తరం అడగలేదు, రుసుము మాట ఎత్తలేదు. సభ చరిత్రలో దీన్ని మించిన నిర్ణయం మరొకటి లేదు.

ఆ తర్వాత పదేళ్ళు రామన్ దినచర్య ఒకటే. తెల్లవారుజామున సభకు, తొమ్మిదిన్నర దాటాక ఆఫీసుకు, సాయంత్రం అయిదు నుంచి రాత్రి తొమ్మిదిన్నర, పది దాకా మళ్ళీ సభలోనే. మధ్యలో రంగూనుకు, నాగపూరుకు బదిలీ అయి 1911లో తిరిగివచ్చాక సభ పక్కనే ఇల్లు తీసుకుని, ఇంట్లోంచి ప్రయోగశాలలోకి తలుపు పెట్టించుకున్నారు. వయొలిన్ తీగ ఎలా కంపిస్తుంది, వీణ నాదంలో ఏమేమి స్వరాలు కలిసి ఉంటాయి, మృదంగం మూత మీద కరణి వేయడం వల్ల శ్రుతి ఎలా కుదురుతుంది అన్నవి ఆయన తొలి పరిశోధనలు. ఆశుబాబు ఆయనకు కుడిభుజం అయ్యారు. కాలేజీ మొహం చూడని ఆ ఆశుబాబు, ఒంటరిగా తన పేరుతో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో పరిశోధన పత్రం ప్రచురించే స్థాయికి ఎదిగారు. సర్కార్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చూసి కోరుకున్నది అక్షరాలా ఇదే.

1917లో రామన్ సర్కారు ఉద్యోగం వదిలి, తక్కువ జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్యులయ్యారు. విదేశాల్లో శిక్షణ పొందాలన్న షరతును ఆశుతోష్ ముఖర్జీ ఆయనకోసం సడలించారు. పేరుకు విశ్వవిద్యాలయ ఆచార్యుడే అయినా పని బౌబజార్‌లోనే సాగింది. 1919లో అమృతలాల్ మరణించాక సభ గౌరవ కార్యదర్శి బాధ్యత కూడా ఆయన మీదే పడింది.

1928 ఫిబ్రవరి 28

1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసిన రామన్, అది ఆకాశం నీడ మాత్రమేనన్న మాటను ఒప్పుకోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొట్టి ఆ రంగు తెస్తున్నాయని తేల్చారు. అక్కడినుంచి ద్రవాల్లో కాంతి పరిక్షేపణం మీద సభలో ఏళ్ళతరబడి పని సాగింది. 1923లో రామన్ శిష్యుడు కె.ఆర్. రామనాథన్ నీటిలో ఒక వింత గమనించారు. చెదిరిన కాంతిలో పడిన కాంతికి భిన్నమైన రంగు ఛాయ లీలగా ఉంది. ద్రవంలో ఏదో మలినముండి మెరుస్తోందేమో అనుకున్నారు. ఎంత శుద్ధి చేసినా ఆ ఛాయ పోలేదు. 1928 జనవరిలో వెంకటేశ్వరన్ గ్లిసరిన్‌లో అదే చూశారు, మరింత స్పష్టంగా. ఈయన అలీపూర్‌లోని ప్రభుత్వ పరీక్షాశాలలో ఉద్యోగి. డ్యూటీ లేని వేళల్లో సభకు వచ్చి పనిచేసుకునేవారు. ప్రయోగానికి పగటి ఎండ కావాలి, ఆయనకు పగలు తీరిక లేదు. అందుకని రామన్ ఆ పనిని మరో శిష్యుడు కె.ఎస్. కృష్ణన్‌కు అప్పగించారు.

ప్రయోగం చూడడానికి చాలా సులువు. ఎండను అద్దంతో గదిలోకి మళ్ళించి, దూరదర్శినికి వాడే పెద్ద కటకంతో ఒకచోటికి కూర్చుతారు. దారిలో నీలి-ఊదా గాజు పలక ఒకటి పెడతారు. అప్పుడు బుడ్డిలోని ద్రవం మీద నీలి-ఊదా వెలుగు ఒక్కటే పడుతుంది. బుడ్డిలో దుమ్ము రేణువు కూడా ఉండకూడదు, అందుకే ద్రవాన్ని మళ్ళీ మళ్ళీ స్వేదనం చేసి నింపుతారు. పక్కనుంచి చూస్తే ద్రవంలో వెలుగు సాగిన దారి నీలంగా కనిపిస్తుంది. ఇప్పుడు కంటికీ బుడ్డికీ మధ్య ఆ నీలాన్ని పూర్తిగా ఆపేసే పసుపు-ఆకుపచ్చ పలక పెడతారు. ద్రవం కాంతి దిశను మార్చడంతో సరిపెడితే ఏమీ కనబడకూడదు. కానీ చీకట్లో సన్నని ఆకుపచ్చ జాడ మిగిలింది. ఒక ద్రవంలో కాదు, పదుల సంఖ్యలో పరీక్షించిన ద్రవాలన్నింటిలోనూ మిగిలింది. పైగా ఆ కాంతి ధ్రువితమై ఉంది, మామూలు ప్రతిదీప్తికి అలాంటి గుణం ఉండదు. ఫిబ్రవరి 28న వర్ణపటదర్శినితో చూస్తే, పడిన కాంతికీ మారిన కాంతికీ మధ్య నల్లని ఖాళీ విస్పష్టంగా కనిపించింది. ఎండకు బదులు పాదరస దీపం వాడాక ఆ మారిన కాంతి సన్నని గీతలుగా విడిపోయింది. అణువు కాంతినుంచి కొంత శక్తి తీసుకుని, ఆ శక్తితో తాను కంపిస్తుంది. మిగిలిన శక్తితో బయటికి వచ్చిన కాంతి తరంగదైర్ఘ్యం మారిపోతుంది. ఎంత మారిందన్నది ఆ అణువు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది కనుక గీతలు చూసి అణువును గుర్తుపట్టవచ్చు. మందుల కల్తీ పట్టుకోవడం, రత్నాల అసలు నకిలీలు తేల్చడం మొదలుకొని అంగారకుడి మీద రాళ్ళను పరీక్షించడం దాకా నేడు ఈ పద్ధతి వాడుతున్నారు.

సొంత పత్రిక బలం

మరునాడే పత్రికలకు కబురు వెళ్ళింది. మార్చి 16న బెంగుళూరులో రామన్ బహిరంగంగా ప్రసంగించారు. ఆ ప్రసంగ పాఠం మార్చి 31న ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వచ్చింది. ఇది సభ సొంత పత్రిక. 1909లో చిన్న బులెటిన్లుగా మొదలై, తర్వాత ప్రొసీడింగ్స్‌గా పెరిగి, 1926లో ఈ పేరు తీసుకుంది. ఆ వేగం వల్ల ఏం ఒరిగిందో చూడాలంటే మాస్కో వైపు తిరగాలి. అక్కడ లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే శాస్త్రజ్ఞులు స్ఫటికాల్లో ఇదే సంగతిని దాదాపు అదే సమయంలో కనిపెట్టారు. వాళ్ళ పత్రం జూలైలో గానీ అచ్చుకాలేదు. రామన్ పత్రం ప్రతులు అప్పటికే ప్రపంచమంతా చేరిపోయాయి. పత్రిక నడపడాన్ని సంస్థలు అదనపు చాకిరీగా చూస్తుంటాయి. కనుగొన్నదాన్ని సకాలంలో పదిమంది ముందు పెట్టే అవకాశం చేతిలో ఉండడం పరిశోధనలో భాగమేనని 1928 వసంతం నిరూపించింది.

శిష్యులు వెళ్ళిన చోట్లు

సభలో తరగతులు, పరీక్షలు తక్కువ, చేతులతో నేర్చుకోవడం ఎక్కువ. దక్షిణాది నుంచి కుర్రవాళ్ళు వరుసగా వచ్చారు. కొన్నేళ్ళు పనిచేసి, దేశంలోని కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు, వాతావరణ శాఖకు వెళ్ళిపోయారు. సభ చదువుకు చేసిన అసలు సాయం ఇది.

తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణ సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో రామన్ దగ్గర చేరారు. కొత్త ఫలితం వేడివేడిగా ఉన్న ఏడాది అది. 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దారు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం మీద ఆయన రాసిన గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయమే 1940లో ప్రచురించింది. టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ రాసిన పుస్తకం 1948లో అక్కడినుంచే వచ్చింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. విజయనగరం నుంచి కలకత్తా వెళ్ళిన డబ్బు, ఆ పక్కనే ఉన్న వాల్తేరుకు విద్యగా తిరిగివచ్చిందంటే అతిశయోక్తి కాదు.

రామన్ తర్వాత

1933లో రామన్ బెంగుళూరు వెళ్ళిపోయారు. మరుసటి ఏడు సభ పాలకవర్గంలో రేగిన తగవుతో ఆయనకు సభతో సంబంధం తెగింది. అదే ఏడు ఆయన బెంగుళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించారు. కలకత్తాలో ఎట్టకేలకు మహేంద్రలాల్ సర్కార్ పేరిట ఆచార్య పదవి ఏర్పడింది, కృష్ణన్ దానికి తొలి ఆచార్యులు. స్ఫటికాల అయస్కాంత గుణాలు దిశను బట్టి ఎలా మారతాయో ఆయన సూక్ష్మంగా కొలిచారు. కేదారేశ్వర్ బెనర్జీ ఎక్స్-కిరణాలతో స్ఫటికాల నిర్మాణం విప్పారు.

సభను నేటి రూపానికి తెచ్చినవారు మేఘనాథ్ సాహా. ఢాకా దగ్గరి పల్లెలో చిన్న కిరాణా కొట్టు నడిపే తండ్రికి పుట్టి, నక్షత్రాల వర్ణపటాలను వివరించే అయనీకరణ సమీకరణాన్ని 1920లో రూపొందించిన సాహాకు, దాతల దయమీద సైన్సు నడవదని బాగా తెలుసు. 1946 నుంచి 1950 వరకు సభ అధ్యక్షుడుగా, 1953 నుంచి చనిపోయేదాకా డైరెక్టరుగా ఉన్నారు. ప్రభుత్వ నిధులతో, జీతాలున్న శాస్త్రజ్ఞులతో, విభాగాల వారీ పరిశోధనతో కొత్త ప్రణాళిక వేశారు. 1951లో సభ జాదవ్‌పూర్‌కు మారింది. 210, బౌబజార్ స్థలంలో ఇప్పుడు గోయెంకా కామర్స్ కాలేజీ ఉంది. ఆ పాత భవనాన్ని నిలుపుకోలేకపోవడం మన శాస్త్ర చరిత్రకు తీరని నష్టం.

జాదవ్‌పూర్‌లో భౌతికశాస్త్రంతోపాటు రసాయనశాస్త్రం బాగా పెరిగింది. పదార్థ విజ్ఞానం, జీవరసాయనం, గణన శాస్త్రాలు తర్వాత చేరాయి. ఇప్పుడు డిగ్రీలు సంస్థే స్వయంగా ఇస్తోంది. ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ నేటికీ వెలువడుతోంది. 1998లో అమెరికన్ కెమికల్ సొసైటీ రామన్ ఫలితాన్ని అంతర్జాతీయ రసాయన చారిత్రక ఘట్టంగా గుర్తించింది.

జనం భాషలోకి

సర్కార్ పెట్టుకున్న మూడు ఆశయాల్లో జనానికి సైన్సు చెప్పడమన్నది జాదవ్‌పూర్ చేరేసరికి వెనకబడింది. ప్రభుత్వ నిధులకు లెక్క పరిశోధన పత్రాల్లో చెప్పాలి, సాయంత్రం ఉపన్యాసానికి ఎంతమంది వచ్చారన్నది ఆ లెక్కలోకి రాదు. ఆ పనిని వేరే సంస్థలు అందుకున్నాయి. సాహా ప్రోద్బలంతో 1935లో సైన్స్ అండ్ కల్చర్ పత్రిక మొదలైంది, కానీ అదీ ఇంగ్లీషే. బౌబజార్ ఉపన్యాసాల్లో లోపించినదాన్ని పూరించినవారు సత్యేంద్రనాథ్ బోస్. 1948లో ఆయన స్థాపించిన వంగీయ విజ్ఞాన పరిషత్తు, బెంగాలీలో జ్ఞాన్ ఓ విజ్ఞాన్ పత్రిక నడిపింది.

ఈ విషయంలో తెలుగు కొంత ముందుంది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు మరికొందరితో కలిసి 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రాల మీదా తెలుగులో పుస్తకాలు అచ్చువేసింది. దానికి ప్రయోగశాల లేదు, ఉపన్యాసశాల లేదు. ఊరూరా చందాదారులే దాని బలం. కలకత్తా సభకు ఉన్నది దీనికి లేదు, దీనికి ఉన్నది ఆ సభకు లేదు. రెండూ ఒకచోట ఉన్న సంస్థ అప్పట్లో ఈ దేశంలో ఎక్కడా పుట్టకపోవడం పెద్ద లోటు.

రామన్ ఫలితం వెలుగుచూసిన ఫిబ్రవరి 28ని 1987 నుంచి జాతీయ సైన్సు దినంగా జరుపుకుంటున్నాం. తెలుగునాట 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక, అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా పనిచేసింది. చెకుముకి పేరుతో పిల్లల సైన్సు మాసపత్రిక నడుపుతూ, అదే పేరుతో బడిపిల్లలకు ప్రతిభా పరీక్షలు పెడుతోంది.